ఆటిజం ఉన్న పిల్లలకు కళ్ళు చూసి ఎదుటివాళ్ళ మనసు తెలుసుకోవడం నేర్పవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి బాబుకి 14 ఏళ్ళు, ఆటిజం ఉందని తేలింది, మాట బాగానే వచ్చు. ఆన్‌లైన్‌లో కళ్ళ ఫొటోలు చూసి భావం చెప్పే పరీక్ష చేయిస్తే 36కి 17 వచ్చాయి. థెరపీ సెంటర్ వాళ్ళేమో ఐ కాంటాక్ట్ పెంచాలంటూ, ఐదు సెకన్లు కళ్ళలోకి చూస్తే ఒక స్టిక్కర్ ఇచ్చే పద్ధతి పెట్టారు. ఇంట్లో మాత్రం వాళ్ళమ్మ కోపంగా ఉందో, ఒంట్లో బాగోక పడుకుందో వాడికి తెలియడం లేదు. కళ్ళు చూసి పసిగట్టడం నేర్పగలమా అని మీ ప్రశ్న.

ఎదుటివాళ్ళు ఏ స్థితిలో ఉన్నారో తెలుసుకోవడం చాలావరకు నేర్పవచ్చు. కాకపోతే కళ్ళ దగ్గర మొదలుపెట్టకండి. ఆ ఐదు సెకన్ల స్టిక్కర్ పద్ధతి మాత్రం ఆపించేయండి. ఎందుకో, దాని బదులు ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పరీక్ష సంగతి. కేంబ్రిడ్జ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం దాన్ని 1997లో తయారుచేసి 2001లో సవరించింది. పత్రికల్లోంచి తీసుకున్న నలుపు తెలుపు ఫొటోల్లో కళ్ళ భాగం మాత్రం ఉంచి, చుట్టూ నాలుగు మాటలు పెట్టి ఒకటి ఎంచుకోమంటారు. చూడకుండా ఏదో ఒకటి నొక్కుకుంటూ పోయినా సగటున 9 వస్తాయి. 2001 నాటి లెక్కల్లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ సగటు 21.9, మామూలు జనం సగటు 26.2. సగటుల మధ్య తేడా ఉన్న మాట నిజమే. అయితే ఆటిజం ఉన్నవాళ్ళలోనే మార్కులు బాగా కిందా పైనా ఉన్నాయి, రెండు గుంపులూ చాలామేర కలిసిపోతాయి. ఒక మనిషికి వచ్చిన ఒక అంకెతో ఏదీ తేల్చలేం. పైగా అది పెద్దవాళ్ళ పరీక్ష. పిల్లలకు 28 ఫొటోలతో వేరేది ఉంది.

ఇంకో చిక్కు దాని ఇంగ్లీషు. అందులో డిస్పాండెంట్, అఘాస్ట్, టెంటేటివ్, కాంటెంప్లేటివ్ లాంటి మాటలున్నాయి. తొమ్మిదో తరగతి తెలుగు పిల్లల్లో ఆటిజం లేనివాళ్ళు కూడా వీటిలో సగం దగ్గర ఆగిపోతారు. అసలు పరీక్షలో కష్టమైన మాటలకు అర్థాల పట్టిక ఇస్తారు. మీరు చేయించినప్పుడు అది ఇచ్చారో లేదో గుర్తు తెచ్చుకోండి. ఫొటోల్లో ఉన్నదంతా తెల్లవాళ్ళే. 2020లో 40 వేలమందికి పైగా ఫలితాలు చూసిన ఒక విశ్లేషణలో చదువు, జాతి నేపథ్యాన్ని బట్టి మార్కులు మారుతున్నాయని తేలింది. ఇక సరైన జవాబు అంటారా, ఫొటోలో ఉన్న మనిషిని అడిగి రాసుకున్నది కాదది. చూసినవాళ్ళలో ఎక్కువమంది ఏ మాట అన్నారో అదే జవాబు. కాబట్టి ఆ 17ని పక్కన పెట్టేయండి. వాళ్ళమ్మ ముఖం చదవడం గురించి అది మీకు ఏమీ చెప్పదు.

థెరపీ సెంటర్లు ఐ కాంటాక్ట్ మీద ఎందుకు పడతాయంటే, మన దగ్గర ఆటిజం తీవ్రతను లెక్కకట్టే ఐసా స్కేల్‌లో మొదటి అంశమే అది. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) తయారుచేసిన ఆ స్కేల్‌లో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు, మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం కిందికి వస్తుంది. వైకల్య సర్టిఫికెట్ కోసం మీరూ ఆ కాగితం చూసే ఉంటారు. గుర్తించడానికి రాసుకున్న లక్షణాల జాబితాని నేర్పాల్సిన పాఠాల జాబితాగా తిప్పేయడం మన థెరపీ సెంటర్లలో బాగా పాతుకుపోయిన పొరపాటు.

కళ్ళలోకి చూడటం వేరు, కళ్ళను బట్టి మనసు తెలుసుకోవడం వేరు. మొదటిది బలవంతంగా చేయిస్తే రెండోది పాడయ్యే అవకాశమే ఎక్కువ. ఆటిజం ఉన్నవాళ్ళలో కళ్ళ మీద చూపు నిలిపిన కొద్దీ మెదడులో భయాన్ని, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఎక్కువగా స్పందిస్తోందని 2005లో ఒక స్కానింగ్ అధ్యయనం చూపించింది. కళ్ళనే చూడమని కట్టడి చేస్తే మెదడు లోపలి పొరల్లో ప్రమాదాన్ని పసిగట్టే దారి అతిగా పనిచేస్తోందని 2017లో మరొకటి చెప్పింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు చాలామంది చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది: చూడనైనా చూడగలం, విననైనా వినగలం, రెండూ ఒకేసారి కావు అని. అందరికీ ఇలాగే ఉంటుందనీ కాదు. కొందరికి కళ్ళు చూడటం ఇబ్బంది కాదు, అక్కడ ఏదైనా తెలుస్తుందన్న ఆలోచనే రాదు. మీ బాబు ఏ రకమో వాణ్ణే అడగండి. 14 ఏళ్ళవాడు, చెప్పగలడు.

ఐదు సెకన్ల గురించి ఒక్క మాట. లండన్ సైన్స్ మ్యూజియంలో దాదాపు 500 మంది సందర్శకులతో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో, ఎదుటి మనిషి చూపు ఎంతసేపు ఉంటే ఇబ్బందిగా ఉండదో కొలిచారు. సగటు 3.3 సెకన్లు వచ్చింది. అంటే స్టిక్కర్ కోసం మీవాడు నేర్చుకుంటున్నది, మామూలు మనిషికి గుచ్చి చూస్తున్నట్టు అనిపించే చూపు. రేపు క్లాసులో ఆడపిల్లల ముందో, కొత్తవాళ్ళ ముందో ఇదే చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

చూపు ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడుతుంటే కనుబొమల మధ్య, ముక్కు, నోరు, ఏదైనా సరే. మీటరు, మీటరున్నర దూరం నుంచి ఎదుటివాళ్ళు ఆ తేడా సాధారణంగా గుర్తుపట్టలేరు. ఎదురెదురుగా కూర్చోవడం కన్నా పక్కపక్కన నడుస్తూ, బండి మీద వెళ్తూ, కూరగాయలు తరుగుతూ మాట్లాడితే వాడు ఎక్కువ వింటాడు, ఎక్కువ చెప్తాడు.

అసలు కళ్ళలో ఎంత ఉంటుందనేది కూడా చూడాలి. భయంలో పై రెప్పలు లేచి తెల్లగుడ్డు ఎక్కువ కనిపిస్తుంది. కోపంలో కనుబొమలు దిగి దగ్గరవుతాయి, రెప్పలు బిగుస్తాయి. బాధలో కనుబొమల లోపలి కొసలు పైకి లేస్తాయి. సంతోషం, అసహ్యం మాత్రం ఎక్కువగా ముఖం కింది సగంలోనే తెలుస్తాయి. ఇవన్నీ గట్టిగా బయటపడ్డప్పటి మాట. ఇంట్లో రోజూ ఎదురయ్యే చిరాకు, అలసట, దిగులు ఇంత స్పష్టంగా కనబడవు. టెన్నిస్ ఆటగాళ్ళు పాయింటు గెలిచిన క్షణంలో, ఓడిన క్షణంలో తీసిన ఫొటోలతో 2012లో ఒక ప్రయోగం చేశారు. ముఖం ఒక్కటే చూపిస్తే ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో జనం చెప్పలేకపోయారు. ఒళ్ళు చూపిస్తే చెప్పారు. చూసినవాళ్ళు ఆటిజం ఉన్నవాళ్ళు కారు, మామూలు జనమే. మనమంతా కళ్ళు చూసి కనిపెట్టేశాం అనుకునేది నిజానికి గొంతు, ఒంటి తీరు, అంతకుముందు జరిగినది, ఆ మనిషి అలవాటు అన్నీ కలిపి తెలుసుకున్నదే.

అందుకే ముందు మీవాడికి ఎక్కడ తెగుతోందో కనిపెట్టండి. ఇంట్లోవాళ్ళకి చెప్పి ఫోన్లో 12 చిన్న వీడియోలు తీయండి, ఒక్కోటి ఐదారు సెకన్లు చాలు. వాడికి బాగా తెలిసిన నలుగురు మనుషులు, ఒక్కొక్కరివి మూడేసి. నటించొద్దు. నిజంగా విసుగ్గా ఉన్నప్పుడు, నవ్వుతున్నప్పుడు, అలసిపోయి వచ్చినప్పుడు తీసినవి కావాలి. తీసిన వెంటనే ఆ మనిషి అప్పుడు తనకెలా ఉందో ఒక ముక్క రాసిపెట్టాలి. అది లేకపోతే జవాబు మీ ఊహే అవుతుంది.

మొదటి రోజు గొంతు లేకుండా రెండేసి వీడియోలు చూపించి, ఇద్దరూ ఒకేలా ఉన్నారా వేరుగా ఉన్నారా అని మాత్రమే అడగండి. భావం పేరు అడగొద్దు. రెండో రోజు అవే చూపించి పేరు అడగండి, నాలుగు మాటలు కాగితం మీద రాసిపెట్టి. మూడో రోజు గొంతుతో. నాలుగో రోజు ముందు ఏం జరిగిందో ఒక వాక్యం చెప్పి చూపించండి: "అమ్మ రెండు బస్సులు మారి వచ్చింది" అన్నట్టు. రోజుకి పది నిమిషాలు మించొద్దు, తప్పు ఒప్పు చెప్పొద్దు, రాసుకోండి అంతే.

ఒకేలా, వేరుగా అన్న దగ్గరే తడబడితే ముందు కంటి పరీక్ష చేయించండి. మనుషుల్ని జుట్టు, బట్టలు, నడక బట్టి తప్ప గుర్తుపట్టలేకపోతున్నాడేమో గమనించండి. ముఖాలే నిలవని పరిస్థితి ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరికి ఉంటుంది. తేడా తెలిసి పేరు రాకపోతే సమస్య మాటలది, లేదా కింద చెప్పబోయే అలెక్సితీమియాది. గొంతు వినిపించగానే బాగుపడితే వాడి దారి చెవి. ఆ దారినే బలపరచండి, కళ్ళ జోలికి పోనక్కర్లేదు. జరిగినది చెప్పగానే బాగుపడితే వాడికి ఊహించడం వచ్చు, సమాచారమే అందడం లేదు.

అలెక్సితీమియా అంటే తన లోపల కలుగుతున్నదాన్ని గుర్తించి పేరు పెట్టలేకపోవడం. ఆటిజంతో సమానం కాదది. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగంమందికి ఉంటుంది, మిగతా జనంలో సుమారు 5 శాతానికి. ముఖాల్లో భావం గుర్తించలేకపోవడం ఆటిజం వల్ల కన్నా దీనివల్లే ఎక్కువ అని 2013లో ఒక అధ్యయనం, పైన చెప్పిన కళ్ళ పరీక్షకీ ఇదే వర్తిస్తుందని 2016లో మరొకటి చెప్పాయి. ఈ ఒక్క సంగతి థెరపీ ప్రణాళికనే మార్చేస్తుంది, అయినా మన దగ్గర అడిగేవాళ్ళు తక్కువ. తన కోపం తనకే తెలియని పిల్లవాడికి ఎదుటివాళ్ళ కోపం బొమ్మల్లో చూపించి లాభం లేదు.

ఇది ఉందేమో అనుమానం రావడానికి కొన్ని గుర్తులున్నాయి. ఎలా ఉందిరా అంటే ఎప్పుడూ "బాగానే" లేదా "తెలీదు". కడుపునొప్పి, తలనొప్పి అంటాడు, పరీక్షలప్పుడే వస్తుంది. ఆకలి, దాహం ఆలస్యంగా తెలుస్తాయి. గట్టిగా అరిచేదాకా కోపం వస్తున్నట్టు తనకీ తెలియదు. ఇలాగైతే మొదటి ఆరేడు వారాలు ఎదుటివాళ్ళ సంగతి వదిలేసి వాడి ఒంటితో మొదలుపెట్టండి. రోజుకి మూడు వేళల్లో గుండె వేగం, కడుపు, దవడ, చేతులు ఎలా ఉన్నాయో 0 నుంచి 5 అంకె వేయించండి. దాని పక్కన అప్పుడు ఏం జరుగుతోందో రాయించండి. భావం పేరు తర్వాత దానంతటదే జతపడుతుంది: "దవడ 4, హోంవర్కు మూడోసారి కొట్టేశారు" అన్న వరుస నాలుగుసార్లు వచ్చాక దీన్నే చిరాకు అంటాం అని చెప్పండి.

మాటల దగ్గర ఇంగ్లీషు ఫ్లాష్‌కార్డులు కొనకండి. హ్యాపీ, శాడ్, యాంగ్రీ అని నోళ్ళు తెరిచి నవ్వే బొమ్మలు పద్నాలుగేళ్ళవాడికి అవమానంగా కూడా ఉంటాయి. మీ ఇంట్లో నిజంగా వాడే మాటలు రాసుకోండి: కోపం, చిరాకు, విసుగు, అలక, బెంగ, దిగులు, కంగారు, బెరుకు, ఉక్రోషం, మొహమాటం. నాలుగింటితో మొదలుపెట్టి, రెండు వారాలకొకటి చేర్చండి. ప్రతి మాటకీ ముఖం గుర్తు వెతక్కండి. ఎలా మొదలవుతుంది, బయటికి ఏం కనిపిస్తుంది, ఎంతసేపు ఉంటుంది, అప్పుడు మనం ఏం చేస్తే నయం, ఈ నాలుగూ రాయండి. ఉదాహరణకి అలక. అమ్మ అనుకున్నది ఎవరూ పట్టించుకోనప్పుడు వస్తుంది. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు, గిన్నెల చప్పుడు ఎక్కువ, అందరితో కూర్చుని తినదు. సాయంత్రానికి తగ్గుతుంది. దగ్గరికెళ్ళి "దేని గురించి?" అని ఒకసారి అడిగితే మేలు, నాలుగుసార్లు అడిగితే పెరుగుతుంది. ఈ వివరాలు వాళ్ళమ్మే చెప్పాలి, ఎందుకంటే ఒక్కో మనిషి అలక ఒక్కో తీరు. ఇందులో కళ్ళ ప్రస్తావన లేనే లేదు, చూడండి.

ఇప్పుడు మీ వైపు పని. 2012లో డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త, తనూ ఆటిజం ఉన్నవారే, ఒక వాదన పెట్టారు: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది, ఒక వైపుకే రోగం పేరు పెట్టారు అని. తర్వాత జరిగిన అధ్యయనాల్లో ఆటిజం ఉన్నవాళ్ళ ముఖం చదవడంలో మిగతావాళ్ళు తప్పులు చేస్తున్నట్టు తేలింది. ఎనిమిదేసి మంది వరుసగా ఒక విషయాన్ని ఒకరి నుంచి ఒకరికి చేరవేసే ప్రయోగంలో, అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయినప్పుడు విషయం ఆటిజం లేని వరుసల్లో ఎంత బాగా చేరిందో అంతే బాగా చేరింది. రెండు రకాలవాళ్ళూ కలిసినప్పుడే ఎక్కువ జారిపోయింది.

ఇంట్లో దీన్ని ఎలా వాడాలంటే, మొదట కనుసైగలు మానండి. చుట్టాలు వచ్చినప్పుడు పిల్లవాడు ఏదో అనబోతుంటే కళ్ళెర్రజేయడం మన ఇళ్ళలో మామూలు. వాడికి అది అందదు, తర్వాత "అంత సైగ చేస్తున్నా చూడవేం" అని తిట్లు పడతాయి. దానికి బదులు ముందే అనుకున్న ఒక మాట పెట్టుకోండి. "ఫోన్ ఛార్జింగ్ పెట్టావా?" అంటే ఈ విషయం ఇక్కడ ఆపు అని అర్థం. అదీ కుదరకపోతే భుజం మీద రెండుసార్లు తట్టడం, వాడికి తాకితే ఇబ్బంది లేకపోతేనే.

రెండోది "ఏం లేదు" అన్న జవాబు. ముఖం ముడుచుకుని "ఏం లేదు" అంటాం, ఎదుటివాళ్ళు ఉందని అర్థం చేసుకోవాలనుకుంటాం. మాటను మాటగా తీసుకునే పిల్లవాడు "సరే" అని వెళ్ళిపోతాడు, వాడికి పట్టదని మనకు కోపం. ఇంట్లో ఆ మాటని ఎత్తేసి మూడు వాక్యాల్లో ఒకటి వాడండి: "కోపంగా ఉంది, నీ వల్లే, అరగంటయ్యాక మాట్లాడతా", "కోపంగా ఉంది, నీ వల్ల కాదు", "అలసటగా ఉంది, అంతే". ఎగతాళికీ ఇదే సూత్రం. "ఆహా, ఎంత బాగా సర్దావురా గది!" అన్నారంటే వెంటనే అసలు మాట కూడా చెప్పండి.

వాడి వైపు నుంచి అడిగే వాక్యం ఒకటి నేర్పండి. "ఏమైంది?" అన్న ప్రశ్న పనిచేయదు, దానికి మళ్ళీ "ఏం లేదు" వస్తుంది. రెండిట్లో ఒకటి ఎంచుకునేలా అడగాలి: "అమ్మా, కోపమా, అలసటా?" బయటివాళ్ళతో అయితే "నాకు సరిగ్గా అర్థం కాలేదండీ, నేనన్నది మీకు ఇబ్బంది కలిగించిందా?" ఈ రెండు వాక్యాలు నోటికి వచ్చేదాకా వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు, నిజమైన సందర్భాల్లోనే పలికించండి.

బడిలో మాస్టార్లు దీన్ని పొగరనో నిర్లక్ష్యమనో అనుకుంటారు. మనది చిత్రమైన పరిస్థితి, పెద్దవాళ్ళ కళ్ళలోకి చూస్తే ఎదురు తిరుగుతున్నట్టు, చూడకపోతే వినడం లేదన్నట్టు. క్లాస్ టీచరుకి అరపేజీ ఉత్తరం ఇవ్వండి, అందులో మూడే విషయాలు: చూపు పక్కకి తిప్పినప్పుడే బాగా వింటాడు, విన్నాడో లేదో తెలియాలంటే చెప్పింది తిరిగి చెప్పమని అడగండి, తప్పు చేస్తే ముఖంతో కాక మాటతో చెప్పండి. ముందుముందు వైవాలకి, ఇంటర్వ్యూలకి వాడు తనే చెప్పుకునేలా ఒక వాక్యం సిద్ధం చేయండి: "నేను పక్కకి చూస్తున్నా వింటూనే ఉంటానండీ."

తప్పులు జరిగే చోట్లు. చాక్లెట్టు కళ్ళ ఎత్తులో పట్టుకుని చూపించే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. పిల్లవాడు చూసేది చాక్లెట్టుని. గడ్డం పట్టి ముఖం తిప్పడం ఎవరు చేసినా ఒప్పుకోకండి. కళ్ళు చదవడం గురించి అతిగా చెప్తే ఇంకో రకం ఇబ్బంది వస్తుంది: మామూలుగా ఉన్న ముఖాన్నీ కోపంగా ఉన్నట్టు చదివి, "నా మీద కోపమా?" అని రోజుకి ఇరవైసార్లు అడగడం మొదలవుతుంది. అలా జరిగితే సాధన రెండు వారాలు ఆపండి. సెంటర్లో బాగా చేసి ఇంటికొచ్చి కుప్పకూలిపోతుంటే, చిన్నదానికే పెద్దగా ఏడుస్తుంటే, అది అందరిలా ఉన్నట్టు నటించాల్సి రావడం వల్ల పడే భారం. గంటలు తగ్గించాలి, పెంచకూడదు.

ఎంత ఫలితం ఆశించవచ్చు? ఎదుటివాళ్ళ మనసు ఊహించడం నేర్పే శిక్షణల మీద 22 ప్రయోగాలు, 695 మందిని కలిపి చూసిన 2014 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే సంస్థ) సమీక్షలో తేలింది ఇదీ: భావాలు గుర్తించడం నేర్పగలుగుతున్నాం, కానీ నేర్చుకున్నది నిలవడానికీ, వేరే చోట వాడటానికీ ఆధారాలు బలహీనం. బొమ్మలతో నేర్చుకున్నది బొమ్మల దగ్గరే ఆగిపోతుంది. ఇంటి మనుషులతో, ఇంటి మాటలతో చేయమని చెప్పడానికి ఇదే కారణం. మూడు నాలుగు నెలల్లో, వాళ్ళమ్మకి బాగోలేనప్పుడు పదిసార్లలో ఆరేడుసార్లు వాడే వచ్చి అడిగితే అది మంచి ప్రగతి. అడక్కుండా కళ్ళు చూసి కనిపెట్టాలని లక్ష్యం పెట్టుకోకండి.

సెంటరుకి వెళ్ళినప్పుడు ఐ కాంటాక్ట్ లక్ష్యాన్ని కాగితం మీదే కొట్టించి, దాని స్థానంలో "అర్థం కానప్పుడు అడగడం" అని రాయించండి. ఒప్పుకోకపోతే స్పీచ్ థెరపిస్టునో, కౌమార వయసు పిల్లల్ని చూసే క్లినికల్ సైకాలజిస్టునో కలిసి అలెక్సితీమియా గురించి ప్రత్యేకంగా అడగండి. బడికి వెళ్ళనని మొరాయించడం, నిద్ర తప్పడం, తనను తాను కొట్టుకోవడం ఉంటే ఈ సాధనలన్నీ పక్కనపెట్టి ముందు డాక్టరుకి చూపించండి.